పసుపు కింది అయిదు పట్టెలు

మా ఇంట్లో పొద్దు ఎనిమిది గంటలకు మొదలయ్యేది. అంతకు ముందు కోడి కూసినా, పాలు పొంగినా, అమ్మ నన్ను మూడుసార్లు తిట్టి లేపినా అవేవీ లెక్కలోకి రావు. ఎనిమిదింటికి నాయిన ఏటికి దిగి, గేజి రాయి ముందు నిలబడి, నీళ్లు ఏ గీత మీద ఆగాయో చూసి, జేబులోని చీటీ మీద రాసుకునేవాడు. ఇంటికొచ్చి అదే అంకెను రిజిస్టరులోకి ఎక్కించేవాడు. మాకు చాయ్ ఆ తర్వాతే.

మాది వీపనగండ్ల దిక్కు, కృష్ణ ఒడ్డున ఒక ఊరు. కింద ఎక్కడో కట్టిన పెద్ద డ్యాము నిండితే మా దగ్గర ఏరు ఏరులా ఉండదు. వెనక్కి తన్నిన నీళ్లు పొలాల మీదికి, తుమ్మచెట్ల మొదళ్లలోకి పరుచుకుని, అవతలి ఒడ్డు పొగమంచులో కలిసిపోయినట్టు ఉంటుంది. కదలదు. చప్పుడు చేయదు. చిన్నప్పుడు నేను మెట్ల మీద కూర్చుని ఎంతసేపు చూసినా అది ఎటు పారుతున్నదో తెలిసేది కాదు. చూస్తూ చూస్తూ మెట్లే వెనక్కి జరుగుతున్నట్టు, నేనే ఎటో పోతున్నట్టు అనిపించేది. బడికి ఆలస్యమైందని అమ్మ వచ్చి జడ పట్టుకుని లాగితే తప్ప ఈ లోకంలోకి వచ్చేదాన్ని కాదు.

ఆ మెట్ల పక్కనే గేజి రాయి. మనిషి ఎత్తుకు మూడింతలుండే రాతి స్తంభం, పై మెట్టు మీద నిలబడితే దాని తల చేతికి అందుతుంది. పైనుంచి కింది దాకా తెల్ల రేకు, రేకు మీద పది సెంటీమీటర్లకొక నల్ల పట్టె, పట్టె పక్కన అంకె. నీళ్లు ఎక్కినా దిగినా నాయిన ఆ అంకెను చూసి రాయాలి. నెలకోసారి ఆ లెక్క గద్వాల ఆఫీసుకు పోతుంది. రోజుకూలీ కింద పెట్టుకున్న ఉద్యోగమే అది. కానీ నాయిన నడక చూస్తే ఏరు మొత్తం ఆయన పేరు మీద పట్టా అయినట్టుండేది.

ఊరి ఆడవాళ్లకు మాత్రం అది గేజి రాయి కాదు, గంగమ్మ. ఏటా కొత్త నీళ్లొచ్చిన వారంలో స్నానాలు చేసి, రాయి తలకు పసుపు పట్టించి, కుంకుమబొట్లు పెట్టి, రవిక గుడ్డ చుట్టి, గాజులు వేసి మొక్కుతారు. ఏటేటా పాత పసుపు మీద కొత్త పసుపు. ప్రభుత్వం పాతిన రాయికి ఈ భోగం ఏమిటని ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన ఒకసారి గొణిగితే, నాయిన నవ్వి, నీళ్లు అంత పైకి ఎప్పుడొచ్చినాయి సార్, అంకెలు కనపడేది కింద కదా అన్నాడట. ఆ మాట అప్పటికి నిజమే.

నాయిన గురించి ఒక్క సంగతి చెబితే చాలు, మనిషి అర్థమవుతాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయనకు చలిజ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజులకు రిజిస్టరులో అంకెకు బదులు ‘చూడలేదు’ అని రాశాడు. ఆఫీసువాళ్లు చీవాట్లు పెట్టారు. నిన్నటి అంకెకు కొంచెం అటో ఇటో వేసి రాస్తే ఎవడు అడుగుతాడయ్యా అన్నారు. నాయిన ఇంటికొచ్చి రెండు రోజులు ముద్ద ముట్టలేదు. తిట్టినందుకు కాదు. అలా రాయవచ్చని వాళ్లే చెప్పినందుకు.

ఆ మనిషి బిడ్డను నేను. గద్వాలలో డిగ్రీ, హైదరాబాదులో పెద్ద చదువు అయ్యాక, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక పరిశోధన ఆఫీసులో చిన్న పని దొరికింది. పేరు చెప్పను, చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. పని మాత్రం చెబుతాను. సముద్రం ఎత్తును ఆకాశం నుంచి కొలవడం.

ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహం తిరుగుతుంటుంది. అది కిందికి రాడార్ తరంగాన్ని వదులుతుంది. ఆ తరంగం నీటికి తగిలి తిరిగి పైకి పోతుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఉపగ్రహం ఎంత ఎత్తున ఉందో ముందే తెలుసు కాబట్టి, అందులోంచి ఈ దూరం తీసేస్తే నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో తేలుతుంది. బావిలో చేద వదిలి, తాడు ఎంత దిగిందో చూసినట్టే. ఇది కంటితో చూడటం కాదు గనక మబ్బు అడ్డమొచ్చినా, వాన పడుతున్నా దానికి పట్టింపు లేదు.

అమ్మకు ఇదంతా చెబితే, సముద్రం సమంగానే ఉంటది గదా, దాని ఎత్తేంది అని అడిగింది. వనపర్తి దిక్కు పాతకాలపు పెద్ద చెరువులన్నిటికీ సముద్రాలనే పేర్లు గనక సముద్రాలకు మాకేమీ కొదవ లేదు. కానీ నేను కొలిచే సముద్రం వేరు. అది సమంగా ఉండదు. అడుగున కొండ ఉంటే ఆ కొండ తన వైపు నీళ్లను లాక్కుంటుంది, పైన నీళ్లు ఒక గుట్టలా లేస్తాయి. వెచ్చబడిన చోట ఉబ్బుతుంది, చల్లబడిన చోట కుంగుతుంది. పడవలో పోయేవాడికి ఆ ఎత్తుపల్లాలేవీ తెలియవు. నేను ఆ గుట్టలనూ లోయలనూ కంప్యూటరు తెర మీద రంగులుగా చూస్తూ, మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే మగతలో, గొర్రెల వెనుక నడిచినట్టు వాటి మీద నడుస్తూ ఉండేదాన్ని. మూడేళ్లు సముద్రాన్ని కొలిచాను. అప్పటికి నేను సముద్రం ఒడ్డున కాలు పెట్టింది లేదు. మా సార్ అదే పట్టుకుని నన్ను ఏడిపించేవాడు. పాలమూరు అమ్మాయికి ఉప్పు నీళ్ల లెక్కా అని.

సముద్రాన్ని కొలిచే లెక్కలో నేలకు చోటు లేదు. ఉపగ్రహం నేల మీదుగా వచ్చేటప్పుడు తరంగం గుట్టలకూ చెట్లకూ తగిలి చిందరవందరగా తిరిగి వస్తుంది. అందుకని ప్రతి కొలత పక్కన ఒక గడి ఉంటుంది. నీళ్లయితే ఒకటి, నేలయితే సున్నా. సున్నా పడ్డవన్నీ ఎవరూ చూడకుండా చెత్తలోకి పోతాయి. నేను ఒకరోజు, పనేమీ లేక, ఆ సున్నాల్లోకి వెళ్లాను. ఉపగ్రహం హిమాలయాల మీదుగా దిగి దక్కను దాటి సముద్రంలోకి పోయే దారి ఒకటి సరిగ్గా మా మీదుగా ఉంది. ముప్పై అయిదు రోజులకోసారి, పొద్దున పది దాటాక. గోపాల్‌పేట దాటుతుంది, మా ఏటిని దాటుతుంది, ఇంకో ఒకటిన్నర నిమిషంలో సముద్రం మీద ఉంటుంది. మా ఊరికి ఇచ్చేది కన్నుమూసి తెరిచేంత సేపు. మా ఏటి దగ్గర, అంత చిందరవందర మధ్యలో, మూడు నాలుగు కొలతలు నున్నగా, తేటగా ఉన్నాయి. నేల అలా ఉండదు. అవి నీళ్లు.

ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది. నేను లేని ఊళ్లో, నాయిన చీటీ మడిచి జేబులో పెట్టుకున్న రెండు గంటల తర్వాత, పైనుంచి ఒకటి వచ్చి అదే నీళ్లను మళ్లీ కొలిచి పోతున్నది. నాకు ఏడుపొచ్చింది, ఏం దాచుకోను. సార్‌కు చూపిస్తే ఆయనకూ ఉత్సాహం వచ్చింది. ఏర్లూ రిజర్వాయర్లూ కూడా ఇట్లా కొలవవచ్చేమో చూద్దాం, ఒడ్డు మీది గేజి లెక్కలు తెప్పించి పోల్చు అన్నాడు. మా గేజి చూసేది మా నాయినే అని నేను చెప్పలేదు. ముందు కలవనీ, అప్పుడు గొప్పగా చెబుదామనుకున్నాను.

కలిశాయి. మా ఏటి మీది సున్నాలను ఒకట్లుగా మార్చి, మూడేళ్ల గేజి లెక్క తెచ్చి పక్కపక్కన వేస్తే, పైది ఒక జాన అటు ఇటుగా, నాయిన అంకె వెంటే నడిచింది. నీళ్లెక్కితే రెండూ ఎక్కాయి, దిగితే రెండూ దిగాయి. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. తర్వాత నాలుగో ఏడు లెక్క వచ్చింది. ఆ ఆగస్టు నుంచి రెండూ విడిపోయాయి. నాయిన అంకె ప్రతిసారీ పైనున్నదాని కంటే మూరెడు ఎక్కువ. ఒకసారి కాదు, ఏడు రాకల్లో ఏడుసార్లూ.

ముందు ఉపగ్రహాన్ని తిట్టాను. సముద్రం మీద దాని లెక్క చూస్తే ఎక్కడా తప్పు లేదు. పక్క రిజర్వాయర్ దగ్గర కూడా సరిగ్గానే ఉంది. సార్ నా వెనుక నిలబడి తెర చూసి, ఏముందమ్మా, గేజి చూసేవాడు ఏటికి పోవడం మానేసి ఇంట్లో కూర్చుని రాస్తున్నాడు, మామూలే అన్నాడు. ఈ గేజి నమ్మదగినది కాదని రాసి గద్వాల ఆఫీసుకు పంపుదాం, వచ్చే నెల నివేదికలో పెట్టు అని వెళ్లిపోయాడు. నా ఒళ్లు మండిపోయింది. సార్ మీద కాదు. అది నిజమేమోనని నాకు అనిపించినందుకు.

నాకు కోపమొస్తే ఆగలేను. అడగడం కాదు, పట్టుకోవాలి అనుకున్నాను. ఏప్రిల్‌లో ఒక శనివారం గోపాల్‌పేటలో మేనమామ ఇంట్లో దిగి, మర్నాడు తెల్లారగట్ల మొదటి బస్సెక్కి, ఇంటికి పోకుండా నేరుగా ఏటికి పోయాను. మెట్ల పైన పాడుబడ్డ మోటారు కొట్టం ఒకటుంది. దాని గోడ వెనుక నక్కి కూర్చున్నాను. కన్న తండ్రి దొంగవునా కాదా అని చూడటానికి! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా నాయిన వచ్చాడు. ఒక్కడే రాలేదు. అమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని, కాలితో మెట్టును తడుముకుంటూ దిగాడు. అమ్మ రాయి ముందు నిలబడి, వేలు చూపిస్తూ, పైనుంచి కిందికి పొడిగా ఉన్న నల్ల పట్టెలను గట్టిగా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అమ్మకు అంకెలు చదవడం రాదు, లెక్కపెట్టడం వచ్చు. నాయిన ఆమె వైపు కాకుండా ఎటో ఆకాశంలోకి ముఖం పెట్టి విన్నాడు. ఆమె నీటి దగ్గర ఆగి, మొత్తం ఎన్ని పట్టెలో చెప్పింది. ఆయన రాయి మొత్తం ఎత్తులోంచి అంత తీసేసి, చీటీని కంటికి ఆనించుకుని రాశాడు. రాయి తలకు పసుపు, వెలిసిన రవిక గుడ్డ, గాజులు నాకూ కనిపించాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే కదా, వాటి మీద నా చూపు ఆగలేదు.

నేను గోడ వెనుక నుంచి లేచి వచ్చాను. అమ్మ అదిరిపడింది. నాయిన, ఎవరది, అన్నాడు. నాలుగు బారల దూరంలో నిలబడ్డ నన్ను చూసి, ఎవరది అన్నాడు.

రెండు కళ్లకూ తెల్లపొర వచ్చిందట. కొత్త నీళ్లొచ్చినప్పటి నుంచి అంకెలు కనిపించడం లేదట. అంటే ఆగస్టు. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది, మిగిలింది మాత్రం నోరు జారింది.

“చూడనినాడు ‘చూడలేదు’ అని రాసేటోనివి గద, నాయినా.”

ఆయన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీ అమ్మ చూసింది గద, బిడ్డా” అన్నాడు. “ఆమె చూస్తే నేను చూసినట్టే అనుకున్న.”

దవాఖానకు ఎందుకు పోలేదంటే, పొర తీస్తామని ఉన్న కొంచెం చూపూ తీసేస్తే ఏం చేయాలన్నాడు. ఆఫీసువాళ్లకు తెలిస్తే గేజి ఇంకొకరికి ఇస్తారన్నాడు. ఆ రెండో మాట అనేటప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లవాడిదిలా అయింది. ఏటా ఎండలు తగ్గాక నాగర్‌కర్నూల్‌లో కళ్ల ఆపరేషన్లు చేస్తారని, ఈసారి పోతానని ఆయనతో ఒట్టు పెట్టించుకున్నాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనని ఆయన నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. అంకెలు మూరెడు తప్పుతున్నాయని మాత్రం నేను చెప్పలేకపోయాను. అమ్మ ఎక్కడో లెక్క తప్పుతున్నదనుకున్నాను. పైటకొంగు నడుముకు చెక్కుకుని అంత శ్రద్ధగా లెక్కపెట్టిన మనిషితో, నీ లెక్క తప్పు అని ఏ నోటితో అంటాను?

హైదరాబాదు వచ్చాక నివేదిక నా బల్ల మీదే ఉంది. నమ్మదగినది కాదు అన్న ముక్క గద్వాలకు పోతే, ఆఫీసు నుంచి మనిషి వస్తాడు. వచ్చినవాడికి మెట్లు తడుముకుంటూ దిగే నాయిన కనిపిస్తాడు. ఇన్నేళ్లు దొంగ లెక్క రాశావా అని ఊరందరి ముందు అడుగుతాడు. ఉద్యోగం పోతే పోయింది, ఆ మాట వింటే నాయిన బతకడు. నేను ఆ ఏడు రాకలను తెర మీదికి తెచ్చుకున్నాను. ఒక్కోదాని పక్కన గడిలో ఒకటి ఉంది. నీళ్లు అని. ఏడు ఒకట్లనూ ఏడు సున్నాలు చేశాను. రెండు నిమిషాల పని. ఆ ఏడుసార్లు అక్కడ నీళ్లు లేవు, తగిలింది నేల, కాబట్టి పోల్చడానికేమీ లేదు. సార్ పైపైన చూసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం నాకు నెత్తి మీది బరువు దిగినట్టే అనిపించింది. అది మాత్రం అబద్ధం చెప్పను.

జూన్‌లో నాయినను నాగర్‌కర్నూల్ దవాఖానకు నేనే తీసుకుపోయాను. అమ్మ రాలేదు. ఇద్దరం పోతే గేజి ఎవరు చూస్తరు అంది. అంకె చీటీ మీద రాయడం రాదు గనక, రోజుకు ఎన్ని పట్టెలో అన్ని చింతగింజలు వేరువేరు గుడ్డముక్కల్లో మూటకట్టి పెట్టింది. పట్టీ విప్పిన రోజు నాయిన ముందు డాక్టరును చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత గోడ గడియారం చూసి, ఎనిమిది దాటింది, మీ అమ్మ ఏటికాడికి పోయిందో లేదో అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బోర్డులన్నీ పైకి చదివాడు. సిమెంటు, ఎరువులు, పెళ్లి సామాన్లు. ముందు సీట్లో ఎవరో వెనక్కి తిరిగి చూసినా పట్టించుకోలేదు. నేను కళ్లు మూసుకుని ఆ గొంతు వింటూ, ఆ బస్సు ఎక్కడా ఆగకుండా ఎప్పటికీ పోతూనే ఉంటే బాగుండుననుకున్నాను.

ఇంటికి కూడా పోలేదు. నల్ల కళ్లద్దాలతో నేరుగా ఏటికి. అమ్మను పిలిపించి, లెక్కపెట్టమన్నాడు, చూసుకుంటానన్నాడు. అమ్మ ముసిముసిగా నవ్వుతూ, మొదటి పట్టె మీదికి వేలు చూపించి, ఒకటి, అంది. నాయిన ఆపాడు.

“పైనుంచి గదనే?”

“పైనుంచే.”

“మల్ల ఆ పసుపు కింద ఉన్నయి?”

“అది అమ్మవారి మొఖం” అంది అమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు. “మొఖం మీద ఏలు పెట్టి ఎవరన్న లెక్కపెడ్తరా?”

నాయిన మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేను పై మెట్టు ఎక్కి, రవిక గుడ్డ కొంచెం పక్కకు జరిపి, అరచేతి మందాన ఉన్న పసుపును తడిమి చూశాను. కింద అయిదు పట్టెలు. యాభై సెంటీమీటర్లు. మూరెడు. పొడిగా ఉన్న పట్టెల్లో రోజూ అయిదు తక్కువ లెక్కకొచ్చాయి, కాబట్టి నీళ్లు రోజూ మూరెడు ఎక్కువ ఎత్తున పడ్డాయి. నాయిన తానే కళ్లతో చూసినన్నాళ్లు నీటి దగ్గరి అంకెను చదివేవాడు, తలమీది పసుపుతో ఆయనకు పని లేదు. అమ్మ తల నుంచి మొదలుపెట్టింది, అమ్మవారిని వదిలేసి. అబద్ధం ఎవరూ రాయలేదు. ఇద్దరిలో ఎవరూ. నేను అక్కడే, వాళ్లిద్దరి ముందూ, పిచ్చిదానిలా నవ్వాను. నవ్వుతుండగానే నా ఏడు సున్నాలు గుర్తొచ్చాయి.

అప్పుడు చెప్పాను, పైదానికీ రిజిస్టరుకూ మూరెడు తేడా ఉందని నాకు ముందే తెలుసని. సున్నాల సంగతి మాత్రం చెప్పలేదు. నాయిన ఆ రోజు నుంచే పని మొదలుపెట్టాడు. ఆగస్టు నుంచి జూన్ దాకా ప్రతి రోజు అంకెనూ ఎర్ర సిరాతో దిద్దాడు. పాతది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన కొత్తది. అమ్మ గీతబద్ద పట్టుకుని వరుస తప్పకుండా చూసింది. చివర ఇలా రాశాడు: ఈ నెలలు నాకు కండ్లు కనిపించలేదు, నా భార్య చూసి చెప్పింది నేను రాసిన, అయిదు పట్టెలు తప్పు పడ్డయి, దిద్దిన. కింద తన సంతకం, పక్కన అమ్మ వేలిముద్ర. రిజిస్టరును సంచిలో పెట్టుకుని తానే గద్వాల పోయి ఇచ్చి వచ్చాడు. అమ్మ మంచి రోజు చూసి, గేజి పక్కన వేరే రాయి నిలబెట్టి, అమ్మవారిని బతిమాలి అక్కడికి మార్చింది. ఊరి ఆడవాళ్లు రెండు రోజులు గునిసి ఊరుకున్నారు.

ఆ దసరాకు నాయిన గేజి పోయింది. ఆ చలికాలానికి నా సముద్రం కూడా నా చేతి నుంచి పోయింది, సార్ తిట్టలేదు గానీ ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. వేరే పనులు దొరికాయి, బతికాం. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అవేవీ రావు. వాటికి ముందు, నాయినకు చూపొచ్చిన ఏడాది ఆగస్టులో ఒక పొద్దు వస్తుంది.

కొత్త నీళ్లు నిండుగా వచ్చాయి. ఆ రోజు పది దాటాక ఉపగ్రహం వస్తుందని నేను ముందే చెబితే, రమ్మని, పై లెక్క కాగితం కూడా తెమ్మని నాయిన ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. గాలి లేదు. ఏరంతా ఒక్క ముడత లేకుండా పడుకుని ఉంది, ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా. అమ్మ తల పైకెత్తి, మనం గుడ కనిపిస్తమా దానికి, అని అడిగింది. లేదమ్మా, దానికి నీళ్లే తెలుస్తాయి అన్నాను. నాయిన కొత్త కళ్లతో గేజి చూసి అంకె పైకి చదివాడు. ఆ క్షణంలోనే అది వచ్చి పోయి ఉంటుంది. మాకేమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. అయినా ముగ్గురం, ఎవరో పెద్దమనిషి ఇంటి ముందు నుంచి పోయినట్టు, కొంచెం సర్దుకుని కూర్చున్నాం.

“నేను దిద్దినయి పైదానితోని కలిసినయా?” అన్నాడు నాయిన. ఆయన చెయ్యి చాపే ఉంది.

సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండే దారి లేదు. ఆయన వేలు తేదీల వెంట దిగి, కిందటి ఆగస్టు దగ్గర ఆగింది. ఏడు వరుసల్లో అంకెలు లేవు. అంకె ఉండాల్సిన చోట ఏడుసార్లూ ఒకే మాట. నేల. ఇదేంది అని అడిగాడు. చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను, నీకోసమే అని. అది చెబుతుంటే నాకే చిన్నతనంగా అనిపించింది.

నాయిన కాగితాన్ని చూడలేదు ఇక. తలెత్తి ఏటిని చూశాడు. ఈ ఒడ్డు నుంచి, ఉందో లేదో తెలియని ఆ ఒడ్డు దాకా, మెల్లగా.

“ఇన్ని నీళ్లను నేలని రాసినవా, బిడ్డా” అన్నాడు.

కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన గొంతులో కోపం లేదు. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. నాయిన చొక్కా జేబు తడుముకున్నాడు. ఎర్ర పెన్ను తీసి, మూత సరిగ్గా ఉందో లేదో చూసి, నా చేతిలో పెట్టాడు.